ఒకే తొట్టి, ఎన్నో నోళ్లు

(బాబుపేట్ తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో పంచాంగ శ్రవణము, పద్యపఠనము, పిల్లల ఆటపాటలు జరగడము మన రివాజు. ఈసారి తొట్టిలోని చేపలకు మేత వేయడమును గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరినారు. ఆ సంగతి విని ఒక పెద్దాయన, "చేపల మాట మృగశిర కార్తె నాడు గదా, ఉగాది నాడేమిటి?" అని హాస్యమాడినారు. నవ్వదగిన మాటే. కాని మన హాలులోని గాజు తొట్టి విషయములో నవ్వు తక్కువ, తగవు ఎక్కువ అయినదని ఇక్కడున్న అందరికీ తెలుసు. పోయిన ఎండాకాలములో రెండు రోజుల వ్యవధిలో పదకొండు చేపలు చచ్చిపోయినవి. పిల్లలు ఏడ్చినారు. పెద్దలు ఒకరినొకరు అనుకున్నారు. "నీళ్లు మార్చలేదు" అని ఒకరు, "మేత వేసే దిక్కులేక ఆకలితో చచ్చినవి" అని మరొకరు. చివరకు తొట్టిని అమ్మివేద్దామన్న ప్రతిపాదన వచ్చినది. వచ్చే నెల సర్వసభ్య సమావేశములో దానిమీద చేతులెత్తవలసి ఉన్నది. ఆ చేతులెత్తే ముందు అసలు సంగతి తెలుసుకొనుట మంచిదని మా మనవి.

మేము శాస్త్రజ్ఞులము కాము. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకునేవారము. అయితే ఇంట్లో చాలా ఏళ్లుగా చేపలు పెంచుతున్నాము గనుక చూసినది, చదివినది కలిపి చెప్పగలము. మేము చెప్పదలచినది ఒక్కటే మాట. మన చేపలు ఆకలితో చావలేదు. వాటికి మేత తక్కువ కాలేదు, మేత వేసే చేతులు ఎక్కువైనవి. అన్ని చేతులు వేసినా కొన్ని నోళ్లకు ముద్ద అందలేదు. పదిమంది పెంచే తొట్టిలో ఈ రెండూ ఒకేసారి జరుగుతవి.

మొదట చేతుల లెక్క చూద్దాము. మన హాలు తెల్లవారుజాము మొదలు రాత్రి పది వరకు తెరిచి ఉంటుంది. గనిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చే అన్నలు ఉదయము ఒక చిటికెడు వేస్తారు. పేపరు చదువుకొనడానికి వచ్చే పెద్దలు ఎనిమిదింటికి ఒక చిటికెడు వేస్తారు. బడి వదిలిన పిల్లలు నాలుగింటికి వేస్తారు. సాయంత్రము భజనకు వచ్చిన అక్కలు, అమ్మలు ప్రసాదము చేతిలో ఉండగానే తొట్టి దగ్గర నిలబడి నాలుగు మరమరాలు వేస్తారు. మాలాగ డ్యూటీ దిగి వచ్చే రైల్వేవారు చివరి చిటికెడు వేస్తారు. ఎవరికి వారు వేసినది చిటికెడే. ఏ ఒక్కరిదీ తప్పు కాదు. కాని రోజుకు ఎనిమిదిమంది వేస్తే నెలకు 240 చిటికెలు. ఆ తొట్టికి కావలసినవి రోజుకు రెండు, అనగా నెలకు 60. తక్కిన 180 చిటికెలు ఎక్కడికి పోయినవి? కొన్ని చేపల కడుపులోకి, తక్కినవి అడుగునున్న గులకరాళ్ల సందుల్లోకి.

"మేము దగ్గరకు పోగానే పాపము నోరు తెరుచుకుని గాజు దగ్గరకు వస్తవి, ఆకలి కాదా?" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. చేపకు మతిమరుపు అని లోకములో ఒక మాట ఉన్నది. అది నిజము కాదు. మనిషి నీడ పడితే మేత పడుతుందని చేప కొద్ది రోజుల్లోనే నేర్చుకుంటుంది, నేర్చినది చాలాకాలము జ్ఞాపకము పెట్టుకుంటుంది. అందుచేత అప్పుడే తిన్న చేప కూడా మనల్ని చూస్తే పరుగెత్తుకుని వస్తుంది. పెళ్లి విందులో పొట్టనిండా తిన్న పిల్లవాడు మిఠాయి పళ్లెము వస్తే మళ్లీ చేయి చాచినట్లు. అది అలవాటే గాని ఆకలి కాదు.

ఇక కడుపు సంగతి. మన తొట్టిలో రెండు బంగారు చేపలు ఉన్నవి. ఆ జాతికి, మన చెరువుల్లోని బొచ్చె, రోహులకు కూడా మనకున్నట్లు జీర్ణకోశపు సంచి లేదు. గొంతు దిగిన మేత నేరుగా పొడుగాటి పేగులోకి పోతుంది. కావున ఒక్కసారిగా దండిగా తిని దాచుకునే ఏర్పాటు వాటికి లేదు. కొంచెము కొంచెముగా తినడమే వాటి నైజము. ఒకేసారి ఎక్కువ పడితే సగము అరగకుండానే బయటికి వచ్చి నీటిలో కలుస్తుంది. మరొక సంగతి, చేప తన ఒంటి వెచ్చదనము కొరకు మనలాగ తిండి ఖర్చు చేయదు. నీటి వేడే దాని ఒంటి వేడి. అందుకే దానికి కావలసిన మేత మనము ఊహించినదానికంటె చాలా తక్కువ. ఆరోగ్యముగా ఉన్న పెద్ద చేప నాలుగైదు రోజులు మేత లేకుండా ఉండగలదు. మనము పండుగకు మంచిర్యాలో కరీంనగరమో పోతూ "చేపలేమైపోతవో" అని పక్కింటివారికి డబ్బా అప్పగించి పోతాము. వారు మన మీది అభిమానముతో రోజుకు మూడు సార్లు వేస్తారు. తిరిగి వచ్చేసరికి నీరు పాలవలె ఉంటుంది. ఆ నాలుగు రోజులు ఊరకుండడమే చేపకు మేలు.

ఇప్పుడు నోటి సంగతి చెబుతాము. ఇది అందరూ ఇంటికి పోయేటప్పుడు తొట్టి దగ్గర నిలబడి స్వయముగా చూడవలసిన విషయము. గప్పీ, మోలీ చేపల నోరు పైకి తిరిగి ఉంటుంది. అవి నీటి మీద తేలే మేతను అందుకోవడానికి పుట్టినవి. టైగర్ బార్బుల వంటివాటి నోరు ముందుకు సూటిగా ఉంటుంది. అవి నీటి నడుమ జారిపోతున్న మేతను పట్టుకుంటవి. కోరిడోరాస్ అనే చిన్న మీసాల చేప నోరు కిందికి తిరిగి ఉంటుంది. అది అడుగున వెతుక్కుని తింటుంది. గాజుకు అంటుకుని ఉండే సక్కర్ చేప నోరు పొట్టవైపే ఉంటుంది. అది గీకి తినేది, దానికి ఆకుకూర, నాచు కావలె. నోరు ఎటు తిరిగి ఉంటే మేత అటు పోవలెను.

ఈ సంగతి మన పల్లె చెరువుల్లో పట్టే బెస్తవారికి, పెంచే రైతులకు ఎప్పటినుండో తెలుసు. ఒకే చెరువులో మూడు జాతులు కలిపి వేస్తారు. బొచ్చె పైనీటిలో, రోహు నడినీటిలో, మ్రిగాల అడుగున మేస్తవి. మూడు అంతస్తుల ఇల్లు వంటిది చెరువు. ఒకరి కంచములో ఒకరు చేయి పెట్టకుండా బ్రతుకుతారు. మన తొట్టి కూడా అట్టిదే, కాని ఒక పెద్ద తేడా ఉన్నది. చెరువులో ప్రతి అంతస్తుకు మేత తనంతట తాను పుడుతుంది. తొట్టిలో మనము వేసినదే మేత. మనము వేసేది ఎప్పుడూ పైన తేలే రేకుల మేతే. పైనున్న చురుకైన చేపలు నిమిషములో దానిని ఖాళీ చేస్తవి. మిగిలినది అడుగుకు దిగేసరికి నాని కుళ్లుతుంది. "అడుగు చేపకు మిగిలినది చాలులే, అది తొట్టి ఊడ్చేది గదా" అని అందరూ అంటారు. అడుగున ఉన్నవాడు పైవాడి ఎంగిలితో బ్రతుకుతాడన్న మాట చేపల విషయములోను నిజము కాదు. పోయిన ఏడు చచ్చినవాటిలో రెండు కోరిడోరాస్‌లు ఉన్నవి. వాటి పొట్టలు లోనికి పీక్కుపోయి ఉన్నవని చూసినవారు ఇక్కడే ఉన్నారు. నెలకు 240 చిటికెలు పడిన తొట్టిలో ఆ రెండూ పస్తులున్నవి.

వేగము కూడా నోటివంటిదే. టైగర్ బార్బు బాణమువలె వస్తుంది. ఏంజిల్ చేప నెమ్మదిగా, ముందూ వెనుకా చూసుకుని వస్తుంది. పొడవాటి తోకల బంగారు చేప ఇంకా నెమ్మది. ఒక మూల నుండే మేత వేస్తే ప్రతిరోజూ వేగము గలవాటికే దక్కుతుంది. ఉపాయము తేలిక. మొదట ఎడమ మూలన తేలే మేత కొంచెము వేయండి. తొందరపడేవి అటు పోతవి. అప్పుడు కుడి మూలన నెమ్మది చేపలకు వేయండి. అడుగు చేపలకు మునిగే బిళ్లలు రాత్రి దీపము ఆర్పే వేళ వేయండి. అవి చీకటిలో తిరిగే జీవులు, పైవి అప్పటికి సద్దుమణుగుతవి. సక్కర్ చేపకు వారానికి రెండుసార్లు ఉడకబెట్టిన పాలకూర ఆకు, కీర దోసకాయ ముక్క గులకరాయికి కట్టి దింపండి. మరునాటి ఉదయము మిగిలినది తీసివేయండి.

మిగిలిన మేత ఏమి చేస్తుందో ఇప్పుడు చెప్పవలెను, ఎందుకనగా ప్రాణము తీసేది అదే. చేప మొప్పల నుండి, రెట్ట నుండి, కుళ్లిన మేత నుండి నీటిలో అమ్మోనియా పుడుతుంది. అది మొప్పలను కాల్చే విషము. దేవుడు దానికి ఒక విరుగుడు పెట్టినాడు. తొట్టి రాళ్లకు, ఫిల్టరు దూదికి అంటుకుని కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటవి. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అది కూడా విషమే. రెండవ తెగ దానిని నైట్రేటుగా మారుస్తుంది. అది చాలా తక్కువ హాని చేసేది, వారము వారము కొంత నీరు మారిస్తే పోతుంది. కొత్త తొట్టిలో ఈ జీవుల కుటుంబము నిలదొక్కుకొనడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. వీటికి ఒక కొలత ఉన్నది. రోజుకు రెండు చిటికెల మురికిని అరిగించే జీవుల మీద ఎనిమిది చిటికెలు కుమ్మరిస్తే అవి ఎంతని మోస్తవి? మా ఆఫీసులో ఇద్దరు గుమాస్తాల బల్ల మీద ఎనిమిదిమంది ఫైళ్లు పెట్టినట్లే. పైగా ఫిల్టరు దూదిని శుభ్రము చేయవలెనని కుళాయి కింద తెల్లగా అయ్యేదాక పిండితే క్లోరిను నీరు తగిలి ఆ జీవులు కూడా చస్తవి. దూదిని తొట్టిలోనుండి తీసిన నీటిలోనే ఒకసారి జాడించి పెట్టవలెను.

గాజు తొట్టిలో జీవుల సమతూకము సంగతి ఇంగ్లండులో వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లో పరీక్షించి తెలిపినారు. చేప, నీటి మొక్క, నత్త కలిసి ఉంటే నీరు చాలాకాలము చెడకుండా ఉంటుందని చూపినారు. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజల కొరకు గాజు తొట్లు పెట్టినారు. మన రాష్ట్రములో బొంబాయి మెరీన్ డ్రైవులో తారాపొరెవాలా మత్స్యశాలను 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించినారు. అంత పెద్ద శాలకైనా, మన మూడడుగుల తొట్టికైనా సూత్రము ఒకటే. లోపలికి పోయిన మేతకు, బయటికి తీసే మురికికి లెక్క సరిపోవలె.

ఇక్కడ మన పుణ్యము సంగతి కూడా చెప్పవలెను. గోదావరి స్నానానికి పోయి చేపలకు పిండిముద్దలు వేయడము మన పెద్దల ఆచారము. మంచి ఆచారమే. కాని గోదావరి పారే నీరు. వేసిన ముద్ద చేప తినకపోతే మరొక జీవి తింటుంది, లేకుంటే నీరు కొట్టుకుపోతుంది. మన తొట్టిలో ఉన్నది సుమారు 120 లీటర్లు, అది ఎక్కడికీ పారదు. నదిలో వేసిన ముద్ద, తొట్టిలో వేసిన ముద్ద ఒకటి కావు. మరమరాలు, బిస్కెట్లు, రొట్టె ముక్కలు, ప్రసాదము, పసుపు అక్షింతలు తొట్టిలో వేయకండి. దేవుడికి పెట్టిన చేతులు అక్కడే కళ్లకద్దుకోండి, తొట్టి దగ్గర నమస్కారము చాలు.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట, మన చంద్రపూరు ఎండ. చైత్రము వచ్చినదంటే మన మహాకాళి జాతర, దాని వెంబడే వడగాలి. వైశాఖ జ్యేష్ఠాలలో 45 డిగ్రీలు దాటడము మనకు కొత్త కాదు. నీరు వేడెక్కిన కొద్దీ దానిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పడితే 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే పడుతుంది. అదే వేడికి చేపకు ఊపిరి అవసరము పెరుగుతుంది. మేత తిన్న తరువాత అరగడానికి ఇంకా కొంత ప్రాణవాయువు కావలె. కుళ్లే మేత కూడా ప్రాణవాయువును తినేస్తుంది. వేడిలో అమ్మోనియా విషము కూడా హెచ్చు. ఇన్ని కలిసిన మధ్యాహ్నము కరెంటు పోయి గాలి మోటారు ఆగినదనుకోండి. అప్పుడు చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తవి.

మన హాలులో జరిగినది అదే. ఆ రోజు కరెంటు మధ్యాహ్నము పోయి సాయంత్రము దాకా రాలేదు. చేపలన్నీ పైన నోళ్లు ఆడించడము చూసి, వచ్చిన ప్రతివారూ "అయ్యో, పొద్దటినుండి ఎవరూ వేయలేదు కాబోలు" అని తలొక చిటికెడు వేసి పోయినారు. ఊపిరి ఆడక తెరిచిన నోటిలో మేత పోసినట్లు అయినది. మరునాటికి నీటి మీద తెల్లని తెర కట్టినది. అడుగున వేలెడు మందము మేత పేరుకుని ఉన్నది. ఆకలితో చచ్చిన తొట్టిలో మేత పేరుకుని ఉండదు గదా!

కావున ఆకలి నోటికి, ఊపిరి నోటికి తేడా తెలుసుకోవలెను. మేత కోరే చేప మనిషిని చూసి వస్తుంది, మన వేలు ఎటు పోతే అటు తిరుగుతుంది, కాసేపటికి తన దారిన పోతుంది. ఊపిరాడని చేప మనిషి ఉన్నా లేకున్నా పైనే వేలాడుతుంది. వేలిని పట్టించుకోదు. మొప్పలు గబగబ కొట్టుకుంటవి. ఒకటి కాదు, అన్నీ పైనే ఉంటవి. అప్పుడు మేత డబ్బా ముట్టకూడదు. చెంబుతో తొట్టి నీరే తీసి, జానెడు ఎత్తునుండి మెల్లగా తిరిగి పోస్తూ ఉండవలె. నీటిలో గాలి కలుస్తుంది. పావు వంతు నీరు తీసి, ముందే బక్కెట్టులో నిలవపెట్టిన నీరు పోయవలె. కుళాయిలో వచ్చే నీటిలో క్లోరిను ఉంటుంది గనుక ఒక పగలు ఒక రాత్రి వెడల్పు మూతి పాత్రలో తెరిచి ఉంచిన నీరే పోయండి. కిటికీకి తడి గోనెపట్టా కట్టినా మేలే. కరెంటు వచ్చి మోటారు నడిచి చేపలు మళ్లీ మామూలుగా తిరిగేవరకు ఒక్క రేకు కూడా వేయవద్దు.

సరియైన మేత ఎంతో తెలుసుకొనడానికి మన కొల్లేటి ప్రాంతపు రైతుల పద్ధతి ఒకటి చెబుతాము. పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లో తవుడును, కొందరు చెక్కను కూడా కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి వెదురు గుంజలకు కట్టి నీటిలో వేలాడదీస్తారు. చేపలు చిల్లుల దగ్గరకు వచ్చి తమకు కావలసినంత లాక్కుని తింటవి. రైతు తరువాత సంచి ఎత్తి చూస్తాడు. ఖాళీ అయితే సరి. మిగిలితే మరునాడు తగ్గిస్తాడు. మబ్బు పట్టి చేపలు మందముగా ఉంటే మానేస్తాడు. చూడండి, ఎంత వేయవలెనో రైతు నిర్ణయించడము లేదు, చేప చెబుతున్నది, రైతు వింటున్నాడు. తవుడుకు డబ్బు పెట్టేవాడికి ఆ జాగ్రత్త వచ్చినది. మనకు మేత డబ్బా సంఘము ఖాతాలో వస్తుంది గనుక రాలేదు.

మన తొట్టికి ఆ సూత్రమే ఇట్లా అన్వయించుకోవచ్చును. రెండు మూడు నిమిషాల్లో మిగలకుండా తినేటంత మాత్రమే వేయవలె. ఒక్కసారి కాకుండా మూడు విడతలుగా వేసి, ఒక్కొక్క విడత అయినాక మరొకటి. అట్లు ఉదయము ఒకసారి, దీపాల వేళకు ముందు ఒకసారి. ఎండాకాలములో ఉదయము చల్లని వేళ ఒక్కసారే చాలును, అడుగు చేపల బిళ్ల మాత్రము మామూలే. వారానికి ఒకరోజు ఉపవాసము. శనివారము ఉపవాసముండే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు, చేపలను కూడా ఆ నియమములో చేర్చుకోండి. డబ్బా చిన్నదే కొనండి, మూత మీద తెరిచిన తేదీ వ్రాయండి. తెరిచిన మేత తేమ పట్టి సారము పోతుంది, పెద్ద డబ్బా చౌక అనుకొనుట పొరపాటు.

ఇవన్నీ తెలిసినా చేతులు ఎనిమిదే ఉంటే ఫలితము లేదు. ఆ చిక్కు విప్పడానికి మా రైల్వే పద్ధతి ఒకటి పనికివస్తుంది. ఒకే పట్టాల జత మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా పూర్వము ఇనుప బంతి వంటి టోకెను వాడేవారు. యంత్రములోనుండి ఒకసారికి ఒక టోకెనే బయటికి వస్తుంది. అది చేతికి అందనిదే డ్రైవరు బండి కదల్చడు. డ్రైవరు ఎంత మంచివాడైనా, ఎంత అనుభవము గలవాడైనా టోకెను లేకుంటే ఆగవలసిందే. అది అతని మీద అపనమ్మకము కాదు, ప్రయాణికుల ప్రాణము మీద గౌరవము.

మన తొట్టికి కూడా ఒక టోకెను పెడదాము. ఒక చిన్న చెంచా, దానికి ఎర్ర దారము. తొట్టి పక్క గోడకు రెండు మేకులు. ఒకదాని కింద "మేత వేయవలెను" అని, రెండవదాని కింద "మేత అయినది" అని వ్రాస్తాము. డబ్బా బీరువాలో, తాళము చెవి ఆ వారము వంతు వచ్చినవారి దగ్గర. చెంచా రెండవ మేకుకు ఉన్నదంటే ఎవరు వచ్చినా వేయరాదు, అధ్యక్షులవారైనా సరే. వారము వారము వంతు మారుతుంది. వంతు దిగేవారు ఎక్కేవారికి చార్జి అప్పగించేటప్పుడు ఒక పుస్తకములో మూడు సంగతులు వ్రాయవలె. చేపలు ఎన్ని, నీరు ఎప్పుడు మార్చినారు, మేతకు రానిది ఏది.

ఆ మూడవ సంగతి పిల్లలకు అప్పగిద్దాము. మేత వేళ చేపల మస్టరు వారు తీయవలె. పిల్లల కండ్లు మనకంటె చురుకు. మొన్నటిదాకా వచ్చి ఈ వేళ రాని చేప జబ్బు పడినదని మొదటి గుర్తు. డబ్బా పిల్లల చేతినుండి తీసుకుని మనము వారి ముచ్చట తీసివేయడము లేదు. చిటికెడు వేసి పారిపోవడము కంటె ప్రతి చేపను పేరు పెట్టి పిలిచి లెక్క చూడడము పెద్ద ముచ్చట.

మరి రెండు మాటలు చెప్పి ముగిస్తాము. మొదటిది, తొట్టిలో ఎవరి ముచ్చట వారు తెచ్చి వేయడము ఆపవలెను. బంగారు చేప చల్లని నీటి జీవి, మురికి ఎక్కువ చేసేది, దానిని వేరే తొట్టికి మార్చవలె. టైగర్ బార్బులు ఏంజిల్ చేపల రెక్కలు కొరుకుతవి. ఏంజిల్ చేప గప్పీ పిల్లలను మింగుతుంది. కూడినవారు కూడవలసినవారో కాదో చూడకుండా ఒకచోట పెట్టి ఎంత మేత వేసినా సుఖము లేదు. రెండవది, తొట్టిలో పట్టనివాటిని రామాలా చెరువులోనో ఇరాయి నదిలోనో వదిలి పుణ్యము కట్టుకుందామన్న మాట ఒకరిద్దరు అన్నారు. అది తగదు. చిన్నగా ఉన్నప్పుడు కొన్న సక్కర్ చేప అడుగుకు మించి పెరుగుతుంది. తొట్లలోనుండి బయటపడిన ఆ జాతే ఆంధ్రదేశపు చెరువుల్లో పెరిగి, వలలు చింపి, దెయ్యపు చేప అనిపించుకుని బెస్తవారిని ఏడిపిస్తున్నది. వద్దనుకున్న చేపను అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెంచేవారికి ఇవ్వండి.

తొట్టిని అమ్మడమా ఉంచడమా అన్నది సభ్యుల ఇష్టము. మేము ఉంచవలెననే కోరుతున్నాము. ఎందుకనగా గనికి, కాగితము మిల్లుకు, రైలుకు బ్రతుకు తెరువు కొరకు వచ్చి, పక్కింటి మరాఠీ సోదరులు గుడి ఎత్తే నాడే మనము ఉగాది పచ్చడి కలుపుకుంటూ ఈ బాబుపేటలో ఒకే తొట్టి నీటిలో కలిసి ఉంటున్నవారము మనము. పదిమంది కలిసి ఒక చిన్న ప్రాణిని సక్రమముగా సాకలేకపోయినారన్న మాట మన పిల్లలకు మిగల్చరాదు. అందుకు ఎక్కువ డబ్బు అక్కరలేదు. ఒక చెంచా, రెండు మేకులు, ఒక పుస్తకము, అడుగున ఉన్నవాని మీద ఒక చూపు, అంతే.

ఈ నూతన సంవత్సరములో మీ అందరి ఇండ్లలో తిండికి కొదువ లేకుండా, తిన్నది ఒంటబట్టేలాగ మహాకాళి అమ్మవారు చూచుగాక.  చెంచా ఇదిగో, మేకులు కొట్టడానికి సుత్తి కూడా తెచ్చినాము. సభ ముగిసినాక తొట్టి దగ్గర కలుసుకుందాము.